మామ పేరు మీద నా నెత్తురు

మొన్న శుక్రవారం ముషైరిబ్ మెట్రోలోంచి పైకి వచ్చేసరికి, నున్నటి రాతి పలకల మీద ఒక టేబుల్ వేసుకుని, చేతులకు నీలం తొడుగులు తొడుక్కున్న అమ్మాయి కూర్చుని ఉంది. షుగర్ పరీక్ష, ఉచితం, ఒక్క చుక్క చాలు అని నాలుగు భాషల్లో రాసి పెట్టారు. నాలుగు భాషల జనమూ సమానమైన దూరంలో నిలబడ్డారు. ఎండలో నీళ్ల సీసాలు ఊరికే పంచుతున్నారంటే ఒకడి భుజం మీద ఒకడు ఎక్కే మనుషులు, ఊరికే ఒక చుక్క నెత్తురు చూస్తామంటే గోడకు అతుక్కుపోయారు. వాళ్లలో ఇద్దరు కుర్రవాళ్లు మా జిల్లా వాళ్లే. మొహం చూసి కాదు, గుసగుస విని గుర్తుపట్టాను.

“నువ్వు పోరా ముందుగాల.”

“నేనెందుకు? దూప నీకు గదా అయితున్నది. రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నవ్.”

“నా బదులు నువ్వియ్యి. సూది చూస్తే నాకు కండ్లు తిరుగుతయి.”

“నా నెత్తురు చూస్తే నీ రోగం ఎట్ల తెలుస్తది?”

“ఇద్దరం ఒక్క కుక్కర్ల బువ్వనే తింటున్నం గదరా.”

పక్కనే నిలబడి పైకే నవ్వాను. వాళ్లు నన్ను తినేసేలా చూసి వెళ్లిపోయారు. ఆ తర్వాత నవ్వు సాగలేదు. ఎదుటివాడి తెలివితక్కువతనానికి నవ్వుకునే హక్కు అందరికీ ఉంటుంది గానీ, ఈ ఒక్క విషయంలో నాకు లేదు. ఒకడి బదులు ఇంకొకడు రోగి కావడమనే పనిని, ఇదే వాడలో, ఉద్యోగంలా చేసినవాడిని నేను.

ఇప్పుడు నేను ఊరి బయట ఉమ్ సలాల్‌లో ఒక విల్లాకు డ్రైవర్‌ని. అప్పట్లో ఇక్కడే, మెట్రో పక్కన ఇప్పుడు అద్దాల దుకాణం ఉన్నచోట, రెండంతస్తుల పాత ఇల్లు ఒకటి ఉండేది. పై గదిలో మేము పన్నెండు మందిమి. పొద్దున్నే చెంబులు పట్టుకుని మేము వరసకట్టిన చోట ఇవాళ జనం కాఫీ గ్లాసును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని నడుస్తున్నారు. ఆ రోజుల్లో ఆ సందులోకి కొత్తవాడు వస్తే ముక్కు మూసుకునేవాడు. మాకు మాత్రం ఆ వాసనలన్నీ పేరుపేరునా తెలుసు. సిమెంటు పట్టిన తడి బట్టలు, నూనెలో మాడిన ఎండుమిరపకాయలు, నొప్పుల తైలం, ఎండుచేపలు, పన్నెండు జతల బూట్లు. శుక్రవారం వస్తే మేక తలకాయ కూర. మిగతా రోజుల్లో ఇరానీ దుకాణం ఖుబ్జ్ రొట్టెను పచ్చిపులుసులో ముంచుకుని తినేవాళ్లం. రొట్టె చేసినవాడు చూస్తే ఏడ్చేవాడు, పులుసు చేయడం నేర్పిన మా అమ్మ చూసినా ఏడ్చేది. మాకు మాత్రం అది పండగే.

బడిని నేను ఏడో తరగతిలో వదిలేశాను. బడి కూడా ఏమీ బాధపడలేదు. పాస్‌పోర్టులో నా వయసు అప్పటికి ఇరవై మూడు. నిజం వయసు పంతొమ్మిదో ఇరవయ్యో. నేను పుట్టిన ఏడు మా బర్రె ఈనిందన్న సంగతి తప్ప మా అమ్మకు ఇంకో లెక్క గుర్తులేదు. నన్ను ఈ అరబ్బు దేశానికి రప్పించింది మా మేనమామ, అమ్మకు సొంత తమ్ముడు. టైల్స్ మేస్త్రి. అమ్మ నన్ను సాగనంపుతూ ఒకే మాట చెప్పింది. “మామ చెప్పినట్టు ఇను. ఎదురు మాట్లాడకు.” నా జన్మలో అమ్మ చెప్పిన మాట ఒక్కటే విన్నాను. అదే విన్నాను.

గదిలో రాత్రి బువ్వలయ్యాక పెద్దల మాటలు మొదలయ్యేవి. ప్రపంచంలో వాళ్లకు తెలియని సంగతి లేదు. అన్నిటికంటే బాగా తెలిసింది నెత్తురు గురించి. ఈ దేశంలో దిగిన కొత్తలో ప్రతివాడికీ నెత్తురు తీస్తారు, ఛాతీకి ఫోటో తీస్తారు. తేడా వస్తే తిరుగు విమానం ఎక్కిస్తారు. పక్క గదిలో దిగినవాడొకడి ఛాతీ ఫోటోలో మచ్చ కనిపించింది. ఊరి నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు సీసా మూత తియ్యకముందే వాడు వెళ్లిపోయాడు. తొక్కు మేము తిన్నాం. ఆ సీసా అడుగంటేలోపు మా పెద్దలు ఒక శాస్త్రం తయారు చేశారు. ఏ క్లినిక్‌లో నెత్తురు తీసినా అది ఆ మొదటి ఆఫీసుకే పోతుంది. అక్కడ పెద్ద పుస్తకం ఉంది. అందులో నీ పేరు పక్కన ఏ రోగం పడినా నీ వీసా చింపేస్తారు. ఆ పుస్తకం ఎవడూ చూడలేదు. చూడలేదు కాబట్టే అందరూ నమ్మారు.

ఇలాంటి భయం ఉన్నచోట ఒక వైద్యుడు పుట్టక తప్పదు. మాకు పుట్టినవాడు కంపౌండర్ బావ. ఊళ్లో ఒక ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గర ఆరు నెలలు సూదులు ఉడకబెట్టిన మనిషి. ఇక్కడ అతని పని ఇనుప కడ్డీలు వంచడం. సాయంత్రం బట్టలు మార్చుకోగానే మంచం కింది నుంచి ఒక బిస్కెట్ల డబ్బా లాగి, తాళం తీసి, కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. తెల్ల గోలీలు జ్వరానికి. ఎర్ర గోలీలు బలానికి. పసుపు గోలీలు లోపలి రోగాలకు.

“లోపలి రోగాలంటే ఏంది బావా?” అని అడిగాను ఒకసారి.

“లోపల ఉన్నయి నీకు కనవడ్తయా? మరి అడుగుడెందుకు?”

ఒక రోజు డబ్బా తాళం వెయ్యడం మరిచిపోయి స్నానానికి పోయాడు. నేను తెల్ల గోలీలు తీసేసి, అదే సైజు పిప్పరమెంట్లు పోశాను. ఆ వారం ముగ్గురికి జ్వరం తగ్గింది. ఒకడైతే జ్వరం లేకపోయినా మళ్లీ వచ్చి, “ఆ మందు ఇంకోటి ఇయ్యి బావా, పానం సల్లగయితున్నది” అని అడిగాడు. కంపౌండర్ బావ గర్వంగా నా వైపు చూశాడు. నేను గోడ వైపు తిరిగి దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. అతని వైద్యం మీద నాకున్న గౌరవం ఆ రోజుతో పూర్తిగా పోయింది. మిగతావాళ్లది మాత్రం రెట్టింపయింది.

నా ఉద్యోగం మొదలైంది మొలలతో. నావి కావు. వడ్రంగి అన్న ఒకడు పది రోజులుగా నిలబడే అన్నం తింటున్నాడు. రెండు సందుల అవతల కంపెనీ క్లినిక్ ఉంది. చూపించుకోవడానికి పైసా ఖర్చు లేదు. కానీ అక్కడ కూర్చునేది ఆడ డాక్టర్.

“ఆడామె ముందట బట్టలు ఇప్పుమంటవారా?” అన్నాడు అన్న. “సచ్చినా పోను.”

“సస్తే ఎట్లాగూ ఇప్పుతరు” అన్నాను.

గదంతా నవ్వింది. నవ్వు ఆగాక కంపౌండర్ బావ నన్ను కింది నుంచి పైకి చూసి, “గింత నోరున్నది గదా, నువ్వే పో. ఆని కార్డు పట్టుకపోయి ఆని లెక్క చెప్పు” అన్నాడు. కంపెనీ కార్డు మీద ఫోటో కందిగింజంత. అందులో తెలిసేది మీసం ఒక్కటే. మీసం నాకూ ఉంది.

వెళ్లాను. కూర్చోలేనట్టు కుర్చీ అంచున కూర్చున్నాను. మూలిగాను. నొప్పిని ఎంత అందంగా వర్ణించానంటే, ఆ డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, “మంచం మీద పడుకో, చూస్తాను” అంది. ఒక్క ఉదుటున లేచి నిలబడి, “ఇప్పుడే తగ్గింది మేడమ్” అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి, ఒక పూత మందు రాసిచ్చి, పొమ్మంది. అన్నకు వారంలో నయమైంది. గదిలో నా పేరు మోగిపోయింది. అప్పటినుంచి ఎవడికి ఏమొచ్చినా రోగిని నేనే. ఒకడి నడుము నొప్పి, ఒకడి గజ్జి, ఒకడి ఆయాసం. ముందు రోజు సాయంత్రం గదిలో రిహార్సల్ ఉండేది. అసలు రోగి మంచం మీద కూర్చుని, “అట్ల కాదు, కుడి దిక్కు వంగు, నాకు కుడి దిక్కు గుంజుతది” అని తప్పులు దిద్దేవాడు. ఒకసారి నర్సు అనుమానపడింది.

“పోయిన వారం గజ్జికి వచ్చింది నువ్వే కదా?”

“ఆడు మా అన్న మేడమ్.”

“ఏమో బాబూ, మీరంతా ఒకేలా ఉంటారు” అంటూ పేరు రాసుకుంది.

ఆ మాటకు అప్పుడు నేను సంతోషపడ్డాను. పనికొచ్చింది కదా.

ఇక మా మామ. ఐదడుగుల మనిషి, మోకాళ్ల మీద ప్రపంచాన్ని కొలిచినవాడు. గొంతుక్కూర్చుని టైల్ పరిచి, అరచేత్తో ఒక్కసారి తట్టి, చెవి పెట్టి వినేవాడు. లోపల గాలి ఉంటే తెలిసిపోయేది. టైల్ కింద ఏముందో వినపడిన మనిషికి తన ఒంట్లో ఏముందో వినపడలేదు. పాలు లేని సులేమానీ టీలో నాలుగు చెంచాల చక్కెర. ఎంత తాగినా దూప తీరదు. డ్యూటీలో గంటకోసారి గోడ చాటుకు పోయేవాడు. ఆ తర్వాత మా మరుగుదొడ్డికి చీమలు వరసకట్టడం మొదలైంది. ఊళ్లో అయితే ముసలమ్మలు చూడగానే చెప్పేస్తారు అది ఏ రోగమో. మా గది పండితులు మాత్రం ఆ చీమల మీద నెల రోజులు పరాచికాలు ఆడారు. “మేస్త్రి పోసింది షర్బత్” అని మొదట అన్నది నేనే.

అప్పుడే ఒక టైల్ ముక్క మామ ఎడమ బొటనవేలిని కోసింది. చిన్న గాయం. మానలేదు. కంపౌండర్ బావ మొదట పసుపు పెట్టాడు, తర్వాత సున్నం, ఆ తర్వాత పసుపూ సున్నం కలిపి పెట్టాడు. షుగర్ అనుమానం అతనికి వచ్చినట్టుంది, పొద్దున్నే నానబెట్టిన మెంతులు మింగించాడు.

“నొప్పి ఉన్నదా మామా?” అని అడిగితే, “నొప్పా? సుత్తితోని కొట్టు, తెలుస్తదేమో. నాది ఇనుప కాలు” అనేవాడు. నొప్పి తెలియకపోవడం గొప్ప అని గదంతా ఒప్పుకుంది.

ఒప్పుకోనివాడు ఒక్కడే. కింది గదిలో ఉండే భాయ్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, కంపెనీ వ్యాన్ నడిపేవాడు. మెట్ల మీద మామ కాలు చూసి ఆగిపోయాడు.

“క్యా మేస్త్రీ సాబ్, ఇది మామూలు దెబ్బ గాదు. మా అమ్మీకి గిట్లనే ఉండె. షుగర్. చూపించుకో.”

“చూపిస్త తియ్యి.”

“తియ్యి గియ్యి నక్కో, గా మాటలొద్దు. రేపు పొద్దుగాల నా వ్యాన్ల కూసో, నేనే తీస్కపోత.”

ఆ రేపు రాకముందే భాయ్‌ని ఎడారి నడుమ ఏదో సైటుకు పంపేశారు, నాలుగు నెలల డ్యూటీ. మామ మాత్రం ఆ మాట మరవలేదు. ఆ రాత్రి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“అల్లుడా, నువ్వు పోయి రా.”

“మామా, షుగరంటే నెత్తురు తీస్తరట గదా.”

“గందుకే నిన్ను పొమ్మంటున్న. నా నెత్తురు తీసి పుస్తకంల రాసుకుంటే నేను ఇంటికి వోవాలె. ఇంటికి వోయి ఏం జెయ్యాలె? ఊళ్లె ఎవని ఇంట్ల టైల్స్ ఉన్నయి?”

ఇంత చిన్న లెక్క ఏడో తరగతిలో బడి వదిలేసినవాడికీ అర్థం కావాలి. నెత్తురు నాది తీస్తే రోగం నాదే తెలుస్తుంది, మామది కాదు. నాకు అర్థమైంది కూడా. కానీ ఎదురు మాట్లాడొద్దని అమ్మ చెప్పింది కదా. అది సాకు. నిజం చెప్పాలంటే, కొత్త వేషం దొరికిందన్న సరదా.

క్లినిక్‌లో దూప, నీరసం, రాత్రి లేవడం అన్నీ వరసగా చెప్పాను. నాలుక బయట పెట్టి చూపించాను. డాక్టరమ్మ నర్సు వైపు చూసింది. నర్సు నా చేతికి రబ్బరు కట్టి ఒక సీసాడు నెత్తురు తీసుకుంది. మర్నాడు వెళితే చేతిలో కాగితం పెట్టి, “నీకేమీ లేదు, సుబ్బరంగా ఉన్నావు. నీళ్లు బాగా తాగు” అన్నారు. నా జీవితంలో నేను పాసైన పరీక్ష అదొక్కటే. అది కూడా వేరేవాడి పేరు మీద.

కాగితం తెచ్చి ఇచ్చాను. మామకు చదువు రాదు గానీ తన పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో తెలుసు. వేలు పెట్టి పేరు మీద మెల్లగా నడిపించాడు. “మంచిగనే ఉన్నదా?”

“మంచిగనే ఉన్నది. కానీ మామా, అది నా నెత్తురు.”

“పేరెవనిది?”

“నీదే.”

“నెత్తురు ఎక్కడిది?”

“నాది.”

“నీకెక్కడిది? మీ అమ్మది. మీ అమ్మ ఎవరు? నా తోడవుట్టింది. మా ఇద్దరికి ఒక్క అవ్వ. మరి నీ నెత్తుట్ల లేనిది నా నెత్తుట్ల ఎట్లుంటదిరా?”

మిగతా పది మంది తలలు ఒకేసారి ఊగాయి. కంపౌండర్ బావ, “మేస్త్రి చెప్పింది కరెక్టే. మేనల్లుడంటే సగం నువ్వే” అని వైద్యుడిగా తీర్పు చెప్పాడు. ఆ సంబరానికి సేమ్యా పాయసం కాచారు. మామ రెండు గిన్నెలు తాగాడు. మూడోది నేనే పోశాను. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పాస్‌పోర్టు జిరాక్స్ పక్కన దాచుకున్నాడు. తర్వాత ఎవడైనా కాలు గురించి అడిగితే మాట్లాడేవాడు కాదు. కాగితం తీసి చూపించేవాడు.

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో చెప్పడానికి నాకు సిగ్గు. మామ వేలు నల్లబడింది. బూటులో ఉన్నది ఎవడికీ కనపడలేదు. గదిలో ఒక వాసన పుట్టింది. నేను చెప్పిన వాసనల్లో లేనిది. ఎక్కడో ఎలుక చచ్చిందనుకున్నాం. మూడు రోజులు వెతికాం. మంచాలు జరిపాం, బియ్యం సంచులు బయట వేశాం, అగరొత్తులు కట్టలు కట్టలుగా వెలిగించాం. మామ కూడా వెతికాడు. మోకాళ్ల మీద వంగి, నా మంచం కింద టార్చి లైటు వేసి, “ఇక్కడ కూడ లేదురా” అన్నాడు. పన్నెండు మంది మగవాళ్లు, అందులో ఒకడు సొంత డబ్బా ఉన్న డాక్టరు, బూటు ఊడదీసి చూడాలన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. లేదా వచ్చి, నోరు మూసుకున్నాం. ఈ రెండింట్లో ఏది ఎక్కువ నీచమో నాకు ఇప్పటికీ తేలలేదు.

నాలుగో రోజు పొద్దున్నే భాయ్ సైటు నుంచి తిరిగొచ్చాడు. మమ్మల్ని పలకరించడానికి పైకి వచ్చి, గడపలోనే ఆగి, ముక్కు మీద రుమాలు పెట్టుకున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా మామ దగ్గరికి పోయి, కింద కూర్చుని, ఎడమ కాలి బూటు లాగాడు. మేజోడు రాలేదు. కత్తెరతో కోశాడు.

“చదువుకున్నోళ్లు కాదు, సరే. ముక్కులు కూడ లేవా మీకు?” అన్నాడు. కేక వెయ్యలేదు. మామూలుగానే అన్నాడు. ఆ మాట విన్న పదకొండు మందిలో ఏ ఒక్కడూ తల ఎత్తలేదు.

వ్యాన్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. నేను పక్కన కూర్చున్నాను. మామ దారి పొడవునా ప్లాస్టిక్ కవర్ను ఛాతీకి ఆనించుకుని పట్టుకున్నాడు. భాయ్ వ్యాన్ నిలపడానికి పోయాడు. లోపల గదిలో నేనూ మామా డాక్టరూ. పెద్దాయన, కళ్లజోడు, మంచి హిందీ. వేలు చూశాడు, పాదం నొక్కాడు, అక్కడికక్కడే నెత్తురు తీయించాడు. ఈసారి మామదే. అంకె రాగానే పెదవి విరిచాడు. ఇన్నాళ్లు ఏం చేశారని అడిగాడు. మామ తన కాగితం ముందు పెట్టాడు.

డాక్టర్ ఆ కాగితాన్ని చూశాడు, ఇప్పటి కాగితాన్ని చూశాడు, మళ్లీ ఆ కాగితాన్ని చూశాడు.

“నాలుగు నెలల కింద ఇంత బాగుంది. ఇప్పుడు ఇలా ఉంది. ఇది ఎలా?” అన్నాడు నన్ను.

అప్పుడు చెప్పాలి. ఒక్క ముక్క. అది నా నెత్తురు సార్. నాకు కనపడింది మాత్రం పుస్తకం. అందులో మామ పేరు, కింద నా పేరు. దొంగ కార్డు, పోలీసు, విమానం. నా నోరు, గదిలో ఎవడికీ లేనంత నోరు, తెరుచుకోలేదు. డాక్టరే మళ్లీ అన్నాడు.

“అప్పుడు గోలీలు వాడేవాడా? అందుకే అదుపులో ఉందా? తర్వాత మానేశాడా?”

“అవును సార్” అన్నాను. “మంచిగైందని మానేశాడు. మేము చెప్పినా వినలేదు.”

ఆ రెండో మాట ఎవడూ అడగలేదు. వేషం బాగా కుదరాలని నేనే కలిపాను.

మామకు హిందీ బాగా వచ్చు. నా వైపు చూశాడు. కోపంగా కాదు. టైల్ తట్టి, చెవి పెట్టి విన్నప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది ఆ చూపు. తర్వాత డాక్టర్ వైపు తిరిగి, “హా సాబ్, మైనే బంద్ కియా” అని, తానే మానేసినట్టు ఒప్పుకున్నాడు.

డాక్టర్ అదే రాసుకున్నాడు. రాస్తూ తిట్టాడు. మీలాంటివాళ్లను చూసి చూసి విసుగొచ్చిందన్నాడు. నేను ధైర్యం చేసి, షుగరుందని తెలిస్తే ఇంటికి పంపిస్తారని భయపడ్డాడు సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, “షుగరున్నవాడిని ఎవరయ్యా పంపేది? నాకూ ఉంది. నన్నెవరు పంపారు? పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండు గోలీలు మింగి పని చేసుకోవాల్సింది” అన్నాడు.

మామ మంచం పట్టుకుని లేచి కూర్చున్నాడు. “రెండు గోలీలేనా?” అని నన్ను తెలుగులో అడిగాడు. నేను తల ఊపాను. కాలు మోకాలి కింద వరకు తీసేయాలని డాక్టర్ చెప్పింది ఆ తర్వాత. అది మామ అంతగా విన్నట్టు లేదు.

మామ బట్టల కోసం గదికి తిరిగి వచ్చాను. ఎవరూ లేరు, అందరూ డ్యూటీలో ఉన్నారు. కంపౌండర్ బావ ఒక్కడే పనికి పోకుండా మంచం మీద కూర్చుని డబ్బా ముందు పెట్టుకున్నాడు. నన్ను చూసి చప్పున మూత వెయ్యబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. అడుగున, పసుపు గోలీల కింద, వేరే గోలీల పట్టీ ఒకటి ఉంది. గంట కింద ఆసుపత్రిలో మామకు ఇచ్చిన పట్టీలాంటిదే. అదే రంగు, అదే పేరు.

“ఇవి ఎవరివి బావా?”

“నాయే. మూడేండ్ల సంది. సెలవుకు పోయినప్పుడు ఊరి నుంచి తెచ్చుకుంటున్న.”

“మరి మామకు మెంతులెందుకు మింగిచ్చినవ్?”

“ఇవి ఇస్తే, ఇవి నీకెక్కడియని అడుగుతరు గదా.”

“అడుగుతే?”

“షుగరున్నోడిచ్చిన మందు ఎవడు మింగుతడురా?” అన్నాడు. నేనే ఏదో అన్యాయంగా మాట్లాడినట్టు మొహం పెట్టి. “నా పరువు పోదా?”

నేను అతన్ని కొట్టలేదు. కొట్టాలనుకున్నాను, కానీ చెయ్యెత్తితే ముందు నా చెంప మీద వేసుకోవాలి. డాక్టర్ ముందు నేనేం చెప్పానో నాకు తెలుసు, అతనికి తెలియదు. ఆ గోలీల సంగతి గదిలో చెప్పాను. నాలుగు రోజులు అతనితో ఎవరూ మాట్లాడలేదు. ఐదో రోజు ఒకడికి జలుబు చేసింది. సాయంత్రానికల్లా డబ్బా ముందు ముగ్గురు కూర్చున్నారు. గది మనుషులకు ఇంతకంటే ఎక్కువ రోషం ఉంటుందని నేనూ అనుకోలేదు. నా వృత్తి మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది. ఎవడు కార్డు ఇచ్చినా, నీ రోగం నువ్వే మోసుకపో అన్నాను. వాళ్లకు నేను పొగరెక్కినవాడినయ్యాను.

మామకు కాలు తీసేశారు. నెలన్నర తర్వాత చక్రాల కుర్చీలో విమానం ఎక్కించాం. పుస్తకం ఏదీ అతన్ని పంపలేదు. మోకాళ్ల మీద నిలబడలేని మేస్త్రికి చెప్పడానికి కంపెనీ దగ్గర పని లేదు, అంతే. దిగబెట్టడానికి వచ్చిన భాయ్, మామ రెండు చేతులూ పట్టుకుని, “మాఫ్ కర్నా మేస్త్రీ సాబ్, ఆ రోజు నేను నిన్ను వ్యాన్ల ఎక్కియ్యకుండ పోవుడే తప్పు” అన్నాడు. అందరిలోకీ తప్పు చెయ్యనివాడు ఒక్కడే క్షమించమని అడిగాడు.

ఏడాదిన్నరకు నాకు సెలవు దొరికింది. ఊరు చేరిన మర్నాడే మామ ఇంటికి పోయాను. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పంచె కింద ఒక వైపు ఖాళీగా. నన్ను చూసి నవ్వాడు. “అల్లుడు బలిసిండే” అన్నాడు లోపలికి వినపడేలా. అత్త చాయ్ తెచ్చింది. నాకు గ్లాసు ఇచ్చి, మామకు ఎదురుగా నిలబడి, ఊళ్లో అందరి ముందూ ఎన్నిసార్లు అందో గానీ అరిగిపోయిన గొంతుతో మొదలుపెట్టింది. ఆమెకు అరబ్బు దేశాలన్నీ దుబాయే.

“దుబాయ్‌ల పెద్ద డాక్టరు కాయితం మీద రాసి పంపిండట, గోలీలు మానేసిండని. మన పట్నం డాక్టరు చదివి చెప్పిండు. ఈ పిలగాడు దగ్గరుండి దవాఖానకు తిరిగె. మీ అందరి బదులు వాడే తిరిగెనట గదా. చెప్తే ఇనకపోతివి. రెండు గోలీలు. రెండు గోలీలు మింగనీకి నీకేం రోగం?”

అత్తకు చెప్పాలని నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. మామ నా వైపు చూడనే లేదు. బారెడు దూరంలో ఉన్న గోడ మీద ఏదో లోపం కనపడినట్టు అటే చూస్తున్నాడు.

“మర్చిపోయిన్నే” అన్నాడు అత్తతో. “నాదే తప్పు. ఎన్నిసార్లంటవ్?”

అత్త కళ్లు తుడుచుకుని, నా గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసింది. తాగాను.